అత్తగారి నిద్రమాత్ర వేసుకుని కారు నడపొచ్చా?

ప్రశ్న: నా వయసు 34. మధురవాడ నుంచి గాజువాకలో ఆఫీసుకి కారు నడుపుకుంటూ వెళ్లేదాన్ని. మూడు నెలల కిందట హైవే మీద లారీ వెనక నుంచి గుద్దింది. డోరుకి తల తగిలింది కానీ పెద్ద దెబ్బలేమీ లేవు. అప్పట్నుంచి స్టీరింగ్ పట్టుకుంటే గుండెదడ, చెమటలు, తల తిరగడం. మా అత్తగారి ఆల్ప్రజోలం సగం మాత్ర వేసుకుంటే ధైర్యంగా నడపగలుగుతున్నాను. ఈ భయం ఎప్పటికి పోతుంది?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

డాక్టర్ సలహా: భయం సంగతి తర్వాత. ముందు ఆ మాత్ర వేసుకుని కారు నడపడం ఆపండమ్మా. ఆల్ప్రజోలం దడ తగ్గిస్తుంది, చురుకుదనాన్నీ తగ్గిస్తుంది. ముందు బండి ఆగినప్పుడు మీ కాలు బ్రేక్ మీదికి ఆలస్యంగా వెళ్తుంది, ఆ ఆలస్యం మీకు తెలియను కూడా తెలియదు. పొద్దున వేసుకున్న మందులో దాదాపు సగం సాయంత్రం తిరిగొచ్చే వేళకీ ఒంట్లోనే ఉంటుంది. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా షాపులో ఇవ్వకూడదు. ఇంట్లో పెద్దావిడ డబ్బాలోంచి ఎలా తీసుకున్నారు? ఓపీకి ఇలాంటివాళ్లు వస్తూనే ఉంటారు. దడ తగ్గుతుందని ఎవరో చెప్పారని ప్రొప్రనలాల్ అనే ఇంకో మాత్ర వేసుకుంటారు. ఆస్తమా ఉన్నవాళ్లకి అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఎన్నాళ్లుగా వాడుతున్నారో మీరు రాయలేదు. కొన్ని వారాలుగా రోజూ అయితే ఒక్కసారిగా మానేయొద్దు, ఫిట్స్ రావచ్చు. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. అందాకా ఆఫీసుకి బస్సులో వెళ్లండి, లేదా ఇంకెవరైనా నడపాలి.

తల తగిలిందన్నారు. తల తిరగడం కారులోనేనా, మంచం మీద పక్కకి ఒత్తిగిలినా వస్తోందా? తలనొప్పి పెరుగుతున్నా, వాంతులవుతున్నా, మాట తడబడినా, ఒకవైపు కాలూచెయ్యీ బలహీనపడినా ఈరోజే ఆసుపత్రికి వెళ్లాలి. తలకి తగిలిన దెబ్బ కొన్ని వారాల తర్వాత బయటపడటం కూడా ఉంటుంది. ఇవేవీ లేకపోయినా ఒకసారి చూపించుకోండి. ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు కూడా అవసరం కావచ్చు. మిమ్మల్ని చూడకుండా అంతా భయమేనని చెప్పలేను.

ప్రమాదం తర్వాత మొదటి కొన్ని వారాలు భయం ఉండటం సహజం. నెల దాటాక కూడా పీడకలలు, ఆ చప్పుడు మళ్లీ వినిపించినట్టు ఉలిక్కిపడటం ఉంటే అది పీటీఎస్‌డీ (ప్రమాదం లాంటి ఘటన తర్వాత మనసులో మిగిలిపోయే భయం జబ్బు) అవునో కాదో సైకియాట్రిస్టు తేల్చాలి. ఇప్పటికే ఆలస్యం చేశారు. చికిత్సతో చాలామందికి తగ్గుతుంది, ఎప్పటికని తేదీ మాత్రం చెప్పలేను. మాత్ర మాని, డాక్టర్ సరేనన్నాక మొదలుపెట్టండి: ముందు ఆపి ఉన్న కారులో కూర్చోవడం, తర్వాత తెల్లవారుజామున కాలనీ రోడ్లు, సర్వీసు రోడ్డు. హనుమంతవాక, ఎన్‌ఏడీ జంక్షన్లు చివర్లోనే. పక్కన బాగా నడిపేవాళ్లు ఉండాలి. దడ రాగానే ఇంటికి తిప్పేస్తే భయం ఇంకా పాతుకుపోతుంది. బండి పక్కన ఆపి, తగ్గాక మళ్లీ కదలండి.

కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) మానసిక విభాగంలో గానీ, చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలో గానీ చూపించుకోవచ్చు. వెంటనే మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం. వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్పు, ప్రమాదం రోజు కాగితాలు తీసుకెళ్లండి. ఎన్ని వేసుకున్నారో దాచకుండా చెప్పండి.