గులాబీ రంగు చూసి మురిసిపోకు

అమ్మాయీ, ఆశీస్సులు.

కాఫీ గింజలోని పాలిశాకరైడ్ల (చక్కెర అణువుల పొడవాటి గొలుసుల) మీద పని మొదలుపెడుతున్నావని విని చాలా సంతోషించాను. కాఫీ అనగానే అందరూ కెఫీన్ దగ్గరే ఆగిపోతారు. పచ్చి గింజ పొడి బరువులో దాదాపు సగం ఈ పాలిశాకరైడ్లే కదా!

ముందు నీ చేతిలో ఉన్న పాలిశాకరైడ్ గెలాక్టోమాననా, అరబినోగెలాక్టానా తేల్చుకో. గెలాక్టోమానన్‌లో మానోజ్‌లు బీటా-1,4 బంధాలతో (ఒక చక్కెర 1వ కార్బన్ నుంచి పక్కదాని 4వ కార్బన్‌కు) వరసగా ఉంటాయి, వాటికి అక్కడక్కడ ఒక్కో గెలాక్టోజ్ వేలాడుతుంది. అరబినోగెలాక్టాన్ తీరు వేరు. గెలాక్టోజ్‌ల బీటా-1,3 గొలుసుకు బీటా-1,6 కొమ్మలు, వాటి మీద అరబినోజ్, కొద్దిగా గ్లూకురానిక్ ఆమ్లం. ఏ చక్కెర ఎంత శాతమో తెలిస్తే నిర్మాణం తెలిసిపోయినట్టు కాదు. ఏ కార్బన్ దగ్గర బంధం ఉందో చెప్పేది మిథైలేషన్, అంటే బంధం లేని చోట్ల మిథైల్ గుర్తులు తగిలించి చూసే పరీక్ష. గింజ వేయించినప్పుడు అరబినోజ్ తొందరగా ఊడిపోతుంది, అందుకే ఎంత వేయించినదో తప్పకుండా రాసుకో.

ఇక అసలు సంగతి. నా మొదటి శాంపిల్ మాక్రోఫేజ్‌లకు (రోగనిరోధక కణాలకు) ఇచ్చి, మర్నాడు గ్రీస్ రీయేజెంట్ (నైట్రిక్ ఆక్సైడ్ జాడను గులాబీ రంగుతో చూపే ద్రావణం) కలిపితే ప్లేటులో గుంటలన్నీ చిక్కటి గులాబీ రంగుకు తిరిగాయి. కణాలు రెచ్చిపోతే విడుదల చేసే నైట్రిక్ ఆక్సైడ్ బాగా వచ్చిందని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వారం తర్వాత కాఫీ లేకుండా, అవే నీళ్లు, అదే డయాలిసిస్ ట్యూబుతో మొదటినుంచి చివరిదాకా ఒక బ్లాంక్ నడిపాను. అదీ గులాబీయే! కణాలను రెచ్చగొట్టింది నా పాలిశాకరైడ్ కాదు, నీళ్లలోంచి వచ్చిన ఎండోటాక్సిన్, అంటే బ్యాక్టీరియా పైపొరలోని విషపదార్థం. మిల్లీలీటరుకు కొన్ని నానోగ్రాములున్నా చాలు, మాక్రోఫేజ్‌లు ఉలిక్కిపడతాయి.

ఆటోక్లేవ్‌ను నమ్ముకోకు. దాని ఒత్తిడి ఆవిరికి బ్యాక్టీరియా చస్తుంది, ఎండోటాక్సిన్ మిగిలిపోతుంది. గాజు సామాను 250 డిగ్రీల పొడి వేడిలో కనీసం అరగంట ఉంచు. ప్రతి బ్యాచ్‌కూ ఎల్‌ఏఎల్ పరీక్ష (ఎండోటాక్సిన్ ఎంతుందో చెప్పేది) చేయించు. పక్కనే, ఎండోటాక్సిన్‌ను పట్టి కట్టేసే పాలిమిక్సిన్-బి కలిపిన గుంటలు పెట్టు, ఎండోటాక్సిన్ ఒక్కటే ఇచ్చిన గుంటలు కూడా. పాలిమిక్సిన్‌తో ఎండోటాక్సిన్ గుంటల రంగు పడిపోయి, నీ శాంపిల్ గుంటల్లో నిలబడితే, అప్పుడు నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా పర్లేదు.

అప్పటిదాకా "రోగనిరోధక శక్తిని పెంచుతుంది" అని మాత్రం రాయకు. ప్లేటులో కణాలు స్పందించడం వేరు, కాఫీ తాగిన మనిషికి మేలు జరగడం వేరు. మొదటి బ్లాంక్ అంకెలు రాగానే, ఎలా ఉన్నా సరే, నాకు పంపు.