916నా, ఎఫ్4నా?

ప్రశ్న: సేకరణ కోసం ఇటలీ స్పోర్ట్ బైకులైన డుకాటి 916, ఎంవీ అగుస్టా ఎఫ్4 750 సెరీ ఓరోలలో ఏది కొనడం మేలు?

జవాబు: రెండింటికీ రూపమిచ్చినవారు మాస్సిమో తంబురీనీయే. 1999 నాటి సెరీ ఓరో 300 బండ్లే తయారయ్యాయి; బంగారు రంగు మెగ్నీషియం భాగాలు, సీటు కింద కనిపించే నాలుగు పొగగొట్టాలు చూపు తిప్పుకోనివ్వవు. అరుదైనదే కావాలంటే అదే కొనండి. అయినా నా మనసు మాత్రం 1994లో వచ్చి స్పోర్ట్ బైకుల రూపాన్నే మార్చేసిన 916 వైపే మొగ్గుతుంది. అయితే దాని క్యామ్‌షాఫ్టులను (ఇంజిన్ వాల్వులను తెరిచి మూసే కడ్డీలను) తిప్పే రబ్బరు బెల్టులు, బండిని కదపకుండా ఉంచినా కాలక్రమేణా పాడవుతాయి. అవి తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ దెబ్బతింటుంది కనుక, మెరిసే రంగును చూసి మురిసిపోయే ముందు బెల్టులు ఎప్పుడు మార్చారో తెలిపే సర్వీసు రికార్డును అడిగి చూడండి. ఎఫ్4లో క్యామ్‌షాఫ్టులను తిప్పే పనిని గొలుసు చేస్తుంది.