ఆ అన్నయ్య మీ తరఫున రావడం లేదమ్మా

ప్రశ్న: మాది ఎచ్చెర్ల దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. మా ఆయన గుజరాత్‌లో వేరావల్ బోట్లలో పనికి ఎల్తాడు. మా గుంటడు తొమ్మిది చదువుతన్నాడు. ఏడాదిగా ఎవుల మాటా ఇనట్లేదు. బడిలో ఇద్దర్ని కొట్టాడు. ఇంట్లో కంచం ఇసిరేస్తాడు. ఆళ్ల నాన్న ఫోను చేసిన రేత్రి మరీ ఎక్కువ. తాత వల చిరిగితే మాత్రం గంటలకొద్దీ కూకుని కుడతాడు. దిష్టి తీయించాం, తాయెత్తు కట్టించాం. మేస్టారి తమ్ముడు యూనివర్సిటీలో పీజీ చదువుతన్నాడు, టౌను కుర్రాడు. వారానికి రెండు సాయంత్రాలు వచ్చి మావోడితో గడుపుతానంటన్నాడు. ఒప్పుకోవాలా? లేదంటే హాస్టల్లో వేసేయమంటారా? పిచ్చోడని ఊర్లో అనుకుంటారేమో అని బెంగ.

జవాబు: ఒప్పుకోండమ్మా. హాస్టల్ మాట ఇప్పుడు వద్దు. నాన్న దూరంగా ఉన్నాడని లోపల రగిలిపోతున్న పిల్లాణ్ణి అమ్మకు కూడా దూరం చేస్తే, వాడికి అది శిక్షలాగే కనిపిస్తుంది.

మీ ఉత్తరంలో ఒక్క వాక్యాన్ని మూడుసార్లు చదివాను. నాన్న ఫోను చేసిన రాత్రి గొడవ ఎక్కువని రాసి, మీరు వేరే సంగతిలోకి వెళ్లిపోయారు. నాకు మాత్రం అసలు ముడి అక్కడే కనిపించింది. బోటు రేవుకొచ్చి సిగ్నల్ దొరికాక ఆయన చేసే ఫోనులో కొడుకుతో ఏం మాట్లాడతారో గుర్తు తెచ్చుకోండి. 'చదువుతన్నావా? అమ్మ మాట ఇంటన్నావా? మళ్లీ ఎవుళ్నో కొట్టావంట?' అంతే కదా! ఎన్నో రోజులు ఎదురుచూసిన ఫోను విచారణలా ముగిసిపోతుంది. అంతకుముందే మీరు ఆయనకి ఫిర్యాదులన్నీ చెప్పేసి ఉంటారు. తప్పు పట్టడం లేదు, మీ బాధ మీరు ఇంకెవరికి చెప్పుకుంటారు? కానీ వాడికి మాత్రం ఆ కబురు మోసింది అమ్మేనని తెలుసు. కంచం లేచేది అందుకే అయ్యుంటుంది.

మేస్టారి తమ్ముడి విషయంలో నా భయం కూడా ఇదే. అతను రెండు వారాలు వచ్చాక మీరు గుమ్మం దగ్గర ఆపి, 'ఏటన్నాడు బాబూ, నా మీద ఏటి చెప్పాడు' అని అడుగుతారు. మీకది సహజంగానే అనిపిస్తుంది. అబ్బాయి చెవిన పడిందా, ఆ అన్నయ్య కూడా అమ్మ మనిషే అయిపోతాడు, ఇక నోరు విప్పడు. అందుకే ముందే మాట అనుకోండి: వాళ్లిద్దరి కబుర్లు వాళ్లవే. ఒక్క మినహాయింపు ఉంది. చచ్చిపోవాలనుందని అన్నా, ఒంటికి హాని చేసుకున్నా, ఎవరైనా వాణ్ణి వేధిస్తున్నారని తెలిసినా, గంజాయిలాంటిది పట్టుకున్నా, అన్నయ్య మీకు చెప్పి తీరాలి. అలా చెబుతాడన్న సంగతి అబ్బాయికి మొదటి రోజే తెలియాలి.

అతన్ని కూడా కొన్ని అడగండి, మొహమాటపడకండి. చదువు ఎప్పుడైపోతుంది? ఆ తర్వాత ఎక్కడుంటాడు? కనీసం ఏడాది రాగలడా? ఇలా ఒక పెద్దవాణ్ణి ఒక పిల్లాడికి జతచేసే పద్ధతిని 1904లో న్యూయార్క్‌లో ఒక కోర్టు గుమాస్తా మొదలుపెట్టాడు. తన కోర్టుకి వచ్చే పిల్లల్ని చూసి ఆయనకు తట్టిన ఆలోచన అది. అక్కడి జతలను పరిశీలించిన ఒక అధ్యయనం 2002లో వచ్చింది. ఏడాదికి పైగా సాగిన జతల్లో పిల్లలకు మేలు ఎక్కువగా కనిపించింది. మూడు నెలల్లోపే తెగిపోయిన చోట మాత్రం పిల్లలకు తమ మీద తమకున్న విలువ ఇంకా తగ్గింది. ఏటా వెళ్లిపోయే నాన్నను చూసిన పిల్లాడు మీవాడు. ఇంకో మనిషి కూడా చెప్పకుండా మాయమైతే తట్టుకోలేడు. ఉద్యోగం వచ్చి వెళ్లాల్సొస్తే నెల ముందు తనే చెప్పి, చివరిసారి వచ్చి కలిసి వెళ్లమనండి.

వాళ్లిద్దరూ నలుగురు తిరిగే చోట కూర్చోవాలి: అరుగు మీద, ఒడ్డున, బడి మైదానంలో. తలుపులేసిన గది వద్దు. ఇది ఆ కుర్రాడి మీద అనుమానం కాదు, ఎవరు వచ్చినా ఇదే చెప్తాను. ట్యూషన్ మాత్రం పెట్టించకండి. 'ఎలాగూ వస్తన్నావు కదా, రెండు లెక్కలు చెప్పెయ్' అన్నారంటే వాడికి అది ఇంకో బడే.

ఇక పిచ్చి అన్న మాట. దిష్టి తీయించడం మీ ఇష్టం, నేనేమీ అనను. కానీ నిద్రపోకుండా, తినకుండా వారాలు గడుస్తున్నా, కొట్టడం ముదురుతున్నా శ్రీకాకుళం ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. అన్నయ్య తోడు వైద్యం కాదు. ముందుగా మాట్లాడాలంటే టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోను సేవ ఉంది, దాని నంబరు 14416కు ఫోను చేయండి. రాత్రీపగలూ పనిచేస్తుంది, డబ్బులు అడగరు. మీతోనే తెలుగులో మాట్లాడతారు, ఊర్లో ఎవరికీ తెలియనక్కర్లేదు.

మీ ఆయనకి కూడా ఒక మాట చెప్పండి. ఈసారి ఫోనులో చదువు ఊసెత్తకుండా, వల ఎక్కడ చిరిగింది, ఎలా కుట్టావు అని మాత్రం అడగమనండి. ఆ రోజు మీరు ఫిర్యాదులు వేరే వేళకు దాచుకోండి.

అన్నయ్య వచ్చిన మొదటి రోజు పరిచయాలు, బుద్ధులు పెట్టుకోకండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి 'చెప్పు' అంటే ఆ వయసు పిల్లాడు నేల చూస్తాడు. చేతిలో పని ఉంటే, పక్కపక్కన కూర్చుంటే, కళ్లు కలపనక్కర్లేకపోతే మాట దానంతటదే వస్తుంది. టౌను కుర్రాడన్నారు కదా, వల కుట్టడం వచ్చి ఉండదు. తాత చిరిగిన వల ఒకటి అరుగు మీద వేసి, సూది మీవాడి చేతికిచ్చి, 'అన్నయ్యకి నేర్పరా' అని మీరు లోపలికి వెళ్లిపోండి.