మీరడిగారు: మైపాడు చూసిన మామయ్యగారికి సౌత్ పాడ్రేలో ఏం చూపించాలి?

ప్రశ్న: నెల్లూరు నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చారు. జూన్ చివర్లో పిల్లల్ని కూడా తీసుకుని డల్లాస్ నుంచి టెక్సాస్ దక్షిణపు కొసనున్న సౌత్ పాడ్రే ఐలాండ్ వెళ్దామని ప్లాన్. మామయ్యగారేమో "బీచే కదమ్మా, మనకి మైపాడు లేదా, దానికోసం తొమ్మిది గంటలు కార్లో కూర్చోవాలా" అంటున్నారు. నీళ్ళలో దిగని పెద్దవాళ్ళకి అక్కడ ఏమైనా ఉందాండీ?
– ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: ఉందండీ, అదీ మీరు వెళ్ళే సీజన్లోనే. మన నెల్లూరు తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఉన్నాయి చూడండి, వాటి దగ్గర చుట్టం కెంప్స్ రిడ్లీ ఇక్కడ గుడ్లు పెడుతుంది, కాకపోతే మనవి రాత్రిపూట వస్తే ఇవి ఎక్కువగా పట్టపగలే వచ్చేస్తాయి. సీ టర్టిల్ ఇంక్ అని 1977 నుంచీ ఉన్న సంస్థ వాళ్ళు ఆ గుడ్లు జాగ్రత్తగా తీసి, కంచె వేసిన చోట పొదగనిచ్చి, జూన్ నుంచి ఆగస్టు దాకా పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు, ఆ టైంలో కొన్నిసార్లు జనాన్ని కూడా రానిస్తారు. ఫలానా రోజని ముందే చెప్పలేరు, గుడ్డు పగిలినప్పుడే కదా, కాబట్టి అక్కడున్నన్నాళ్ళూ వాళ్ళ సోషల్ మీడియా పేజీ చూస్తూ ఉండండి, తెల్లారేసరికి రెడీగా ఉండాలి. ఆ తాబేలు పిల్లలు అరచేతిలో సగం కూడా ఉండవు, నల్లగా, ఇసకలో పడుతూ లేస్తూ నీళ్ళ వైపు పాక్కుంటూ పోతాయి, గల్స్ అనే సముద్రపు పక్షులు ఎత్తుకుపోకుండా వాలంటీర్లు కాపలా కాస్తారు. ఫ్లాష్ కొట్టకూడదు, ముట్టుకోకూడదు, పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్ళండి. ఆ రోజుల్లో రిలీజ్ కుదరకపోతే ఆ సంస్థ సెంటర్‌కైనా వెళ్ళండి, దెబ్బలు తగిలిన పెద్ద తాబేళ్ళని ట్యాంకుల్లో పెట్టి వైద్యం చేస్తుంటారు. 2021 ఫిబ్రవరి చలికి తాబేళ్ళు కొయ్యబారిపోతే ఊళ్ళో జనం పడవల్లో, కార్లలో దాదాపు 5,000 మోసుకొచ్చారు, సెంటర్లో చోటు చాలక కన్వెన్షన్ సెంటర్ నేల మీద వరసగా పరిచారు!

ఇంకోటి, అందరూ గల్ఫ్ (మెక్సికో గల్ఫ్ సముద్రం) వైపు బీచ్ చూసి వచ్చేస్తారు గానీ నా ఓటు మాత్రం వెనక వైపు, దీవికీ ఒడ్డుకీ మధ్యనున్న లగూనా మాద్రే అనే ఉప్పునీటి సరస్సుకే. సముద్రం కన్నా ఉప్పెక్కువ, లోతు చాలాచోట్ల నడుము దాకా కూడా రాదు, కయాక్ అనే చిన్న తెడ్డు పడవకి బాగుంటుంది. బర్డింగ్ సెంటర్లో చెక్క దారి మీద తాపీగా నడిస్తే గులాబీ రంగు తెడ్డుమూతి కొంగలు, కింద మొసళ్ళ జాతి ఆలిగేటర్లు కనిపిస్తాయి. మామయ్యగారు నేలపట్టులో గూడబాతుల్ని చూసే ఉంటారు, అవి ఈదుతూ చేపలు పడతాయి, ఇక్కడి బ్రౌన్ పెలికాన్ పైనుంచి రెక్కలు ముడిచి ధబీమని నీళ్ళలో పడుతుంది, అది ఆయనకి కొత్త. చిన్న పిట్టలు కావాలంటే మాత్రం జూన్ కాదు, ఏప్రిల్లో రావాలి, గల్ఫ్ మొత్తం ఆగకుండా ఎగిరొచ్చి అలిసిపోయి మొదట కనిపించిన చెట్ల మీద వాలిపోతాయి.

అన్నట్టు పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు రికార్డు) అందరివీ పెట్టుకోండి. వెళ్ళేటప్పుడు ఎవరూ అడగరు, తిరుగు ప్రయాణంలో సరిటా దగ్గరో ఫాల్‌ఫూరియస్ దగ్గరో బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్ట్‌లో ఆపుతారు. అమ్మానాన్నల పాస్‌పోర్టులు ఇంట్లో భద్రంగా దాచి వచ్చేవాళ్ళు మనలో చాలామందే.

ప్రశ్న: సౌత్ పాడ్రేలో మావాడు చేపలు పడతానంటున్నాడు, పదేళ్ళు. లైసెన్స్ కావాలా?
– ఒక పాఠకుడు, హ్యూస్టన్

జవాబు: పదిహేడు నిండనివాళ్ళకి అక్కర్లేదు, కానీ వాడి పక్కన మీరు కూడా గాలం వేస్తే మీకు కావాలి, ఒక్కరోజు లైసెన్స్ కూడా దొరుకుతుంది. లగూన్‌లో దిగితే అడుగు ఎత్తి వేయకుండా పాదాలు ఈడుస్తూ నడవమనండి, ఇసకలో దాక్కున్న టేకు చేప తొక్కించుకోకముందే తప్పుకుపోతుంది. ఒడ్డున నీలం బెలూన్‌లా మెరుస్తూ పడున్న పోర్చుగీస్ మ్యాన్ ఓ వార్ అనే జెల్లీఫిష్ లాంటి జీవిని ముట్టుకోనివ్వద్దు, చచ్చినా కుడుతుంది అది.