వరంగల్ నుంచి డెవలపర్ రిలేషన్స్ కొలువులోకి: నేను వెళ్లిన దారి

మీరు రాసి పంపిన ప్రశ్నలు చదివాను. మీరు హనుమకొండ దగ్గర బీటెక్ నాలుగో సంవత్సరం చదువుతున్నారు. కోడ్ రాయడం కన్నా రాసినదాన్ని పక్కవారికి విడమరచి చెప్పడం ఎక్కువ ఇష్టం. డెవలపర్ రిలేషన్స్ అనే కొలువు ఒకటి ఉందని ఈ మధ్యే తెలిసింది. ఇంగ్లిషు ధారాళంగా రాకపోతే కుదురుతుందా, హైదరాబాదుకు మకాం మార్చాలా, ఇంట్లో ఏమని చెప్పాలి అన్నవి మీ మూడు ప్రశ్నలు.

మూడోదానికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. నా మొదటి విజిటింగ్ కార్డు మీద ‘డెవలపర్ అడ్వొకేట్’ అని ఉండేది. దాన్ని చూసి, మేనమామ వరసయ్యే ఒకాయన పొలం గట్టు తగాదా కాగితాలు, పాత పాసు పుస్తకం సంచిలో వేసుకుని మా ఇంటికి వచ్చారు. నేను వకీలును కానని చెప్పడానికి అరగంట పట్టింది. మరి నీ పని ఏమిటి అన్నదానికి ఇంకో అరగంట పట్టింది, అయినా ఆయనకు తృప్తి కలగలేదు.

ఆయనకు చెప్పలేకపోయింది మీకు చెబుతాను. కొన్ని కంపెనీలు తమ సరుకును మామూలు జనానికి కాక ప్రోగ్రామర్లకు అమ్ముతాయి. చెల్లింపుల ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో మాట్లాడే తలుపు), డేటాబేస్, మ్యాపుల సేవ, ఇలాంటివి. ప్రోగ్రామరు ప్రకటన చూసి కొనే మనిషి కాదు. డాక్యుమెంటేషన్, అంటే ఎలా వాడాలో చెప్పే పేజీలు, తెరుస్తాడు, పది నిమిషాలు ప్రయత్నిస్తాడు, ఎక్కడో చిక్కుకుంటే కిటికీ మూసేసి ఇంకో కంపెనీ పేజీకి వెళ్లిపోతాడు. ఆ పది నిమిషాలను సాఫీగా నడిపించడం, చిక్కుకున్న చోటును కంపెనీలో ఇంజినీర్ల దగ్గరకు తీసుకువెళ్లి సరిచేయించడం ఈ ఉద్యోగం. 1984లో మెకింటాష్ అనే కంప్యూటరు వచ్చినప్పుడు ఆపిల్‌కు ఇలాంటి అవసరమే పడింది. దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్ లేకపోతే యంత్రాన్ని ఎవరూ కొనరు కాబట్టి, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లను ఒప్పించడానికి మనుషులను పెట్టుకుంది. మైక్ బోయిచ్, ఆ తరవాత గై కవాసాకి ఆ పని చేశారు. అప్పటి హోదా ‘ఎవాంజెలిస్ట్’, అంటే మత ప్రచారకుడు. ఇప్పుడు ఎక్కువగా ‘అడ్వొకేట్’ అంటున్నారు. రెండు పేర్లూ మన బంధువులకు వేరే అర్థాన్నే ఇస్తాయి.

నాకు ఈ పని అర్థమైంది మా నాన్న పనిని బట్టి. ఆయన వరంగల్ ఎనుమాముల మార్కెట్లో దడువాయి. మిర్చి, పత్తి తూకం వేసేవారు. ఒక పక్క రైతు, ఇంకో పక్క ఖరీదుదారు, ఇద్దరి కళ్లూ కాంటా మీదే ఉంటాయి. ఏ ఒక్కరి పక్షాన ముల్లు వాలినా రెండో మనిషి మళ్లీ ఆయన కాంటా దగ్గరకు రాడు. డెవలపర్ అడ్వొకేట్‌కు జీతం ఇచ్చేది కంపెనీ, కానీ ఆ జీతానికి విలువ తెచ్చేది ప్రోగ్రామర్ల నమ్మకం. మొదటి సంవత్సరంలో నేను ఒకసారి తూకం తప్పాను. అది చెప్పకుండా మిగతాది చెప్పడం బాగుండదు.

అప్పుడు నేను ఉన్న కంపెనీ ఉచిత ఖాతాకు ఒక పరిమితి పెట్టింది. ఒకే ఐపీ చిరునామా (నెట్‌లో మన కనెక్షన్‌కు ఉండే నంబరు) నుంచి నిమిషానికి ఇన్ని విన్నపాలే అని, అంటే సర్వరును ఇన్నిసార్లే అడగాలని. కొత్తవాళ్లు బెదిరిపోతారు, నీ పాఠంలో ఆ సంగతి రాయవద్దు అన్నారు మార్కెటింగ్ వాళ్లు. నేను సరే అన్నాను. నెల తిరగకుండా వరంగల్‌లోని ఒక కళాశాలలో అదే పాఠంతో వర్క్‌షాపు పెట్టాను. ల్యాబులో అరవై కంప్యూటర్లు. ల్యాబు మొత్తం బయటి ప్రపంచానికి ఒకే ఐపీ చిరునామాగా కనబడుతుందన్న సంగతి నాకు తెలుసు, ఆ రోజు తట్టలేదు. అందరూ ఒకేసారి మీట నొక్కారు. రెండు నిమిషాల్లో అరవై తెరల మీదా 429 అన్న తప్పు, అంటే విన్నపాలు మితిమీరాయని. మా సర్వరు మమ్మల్నే దాడి చేసేవాళ్లుగా లెక్కగట్టి తలుపు మూసేసింది. ఆ తరవాత గంటన్నర నేను నల్లబల్ల మీద బాణాలు గీస్తూ గడిపాను.

ఆ పూట చివర ఇంకో దెబ్బ తగిలింది. వెనక బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి వచ్చి, “సార్, ఏపీఐ కీ అంటే ఏమిటి?” అని మెల్లగా అడిగింది. నలభై స్లయిడ్లలో ఆ మాట ఎన్నిసార్లు పలికానో లెక్కలేదు, ఒక్కసారి కూడా అర్థం చెప్పలేదు. ఏపీఐని వాడుతున్నది ఎవరో సర్వరు గుర్తుపట్టడానికి ఇచ్చే రహస్య అక్షరాల వరుస అది. అప్పటి నుంచి స్లయిడ్లు మానేశాను. ఎడిటర్ తెరిచి ఖాళీ ఫైలుతో మొదలుపెడతాను, తెలుగులో చెబుతాను, నెట్ లేకపోయినా నడిచే నకిలీ సర్వరు ఒకటి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్తాను. ముఖ్యంగా, పరిమితులన్నీ మొదటి పది నిమిషాల్లోనే చెప్పేస్తాను.

ఇక లోపలికి ఎలా వెళ్లాలి అన్నది. మీరు వేదిక, మైకు, విమాన ప్రయాణాలు ఊహించుకుంటున్నారేమో అని నా అనుమానం. నేనూ అవే ఊహించుకున్నాను. నా దారి మాత్రం సపోర్ట్ టికెట్ల, అంటే వాడుకరులు పంపే ఫిర్యాదుల, గుండా నడిచింది. హైదరాబాదులో చెల్లింపుల సాఫ్ట్‌వేర్ చేసే ఒక చిన్న కంపెనీలో సపోర్ట్ ఇంజినీరుగా చేరాను. స్నేహితులు దాన్ని కాల్ సెంటర్ అని ఏడిపించేవారు. అక్కడ ఒకే రకం ఫిర్యాదు మళ్లీ మళ్లీ వచ్చేది: “మీరు పంపే వెబ్‌హుక్ సంతకం సరిపోవడం లేదు.”

ఆ చిక్కు ఇది. చెల్లింపు పూర్తికాగానే మా సర్వరు దుకాణం వాళ్ల సర్వరుకు ఒక సందేశం పంపుతుంది, అదే వెబ్‌హుక్. అది నిజంగా మా నుంచే వచ్చిందని తేల్చుకోవడానికి, రహస్య కీతో లెక్కగట్టిన సంతకాన్ని దానికి జత చేస్తాం. అవతల ప్రోగ్రామరు వాడే ఫ్రేమ్‌వర్క్ (రెడీమేడ్ కోడ్ చట్రం) ఆ సందేశాన్ని ముందే జేసన్ (డేటాను రాసే ఒక పద్ధతి)గా విడగొట్టేస్తుంది. ప్రోగ్రామరు దాన్ని మళ్లీ అక్షరాలుగా కూర్చి, దాని మీద సంతకం లెక్కవేస్తాడు. ఎక్కడో ఒక ఖాళీ తగ్గి ఉంటుంది. సంఖ్య రూపం మారి ఉంటుంది. అంతే, సంతకం కలవదు. విడగొట్టకముందు వచ్చిన ముడి సందేశం మీదే లెక్కవేయాలి. మా డాక్యుమెంటేషన్‌లో ఈ ముక్క ఎక్కడో కింద ఒక వాక్యంలో ఉంది. నేను ఒక శనివారం కూర్చుని, జనం ఎక్కువగా వాడే ఫ్రేమ్‌వర్కులు నాలుగింటికి నడిచే కోడ్‌తో ఒక పేజీ రాశాను. ఎవరూ అడగలేదు. ఆ తరవాత ఆ రకం టికెట్లు దాదాపు ఆగిపోయాయి. రెండు నెలలకు మా ఇంజినీరింగ్ పెద్ద నన్ను పిలిచి, ఈ పనే రోజూ చేస్తావా అన్నారు. అలా ఆ అడ్వొకేట్ కార్డు వచ్చింది.

మీకు సపోర్ట్ కొలువు లేకపోవచ్చు, చిక్కులకు మాత్రం కొదవ లేదు. మీ కళాశాల ల్యాబులో ఉన్నది విండోస్ అయ్యుంటుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉన్నవాటిలో, చాలావాటి మొదటి పేజీ లైనక్స్, మ్యాక్ వాళ్ల కోసం రాసి ఉంటుంది. కీని అమర్చడానికి ‘ఎక్స్‌పోర్ట్’ అనే ఆదేశం ఇస్తారు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో అది పనిచేయదు, అక్కడ ‘సెట్’ అని ఇవ్వాలి. పవర్‌షెల్‌లో పద్ధతి ఇంకోటి. మొదటి సంవత్సరం పిల్లవాడు ఇక్కడే ఆగిపోయి, తనకే తెలివి తక్కువ అనుకుంటాడు. ఓపెన్ సోర్స్‌లో నా మొదటి పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు కలుపుకోండి అని పంపే విన్నపం) సరిగ్గా ఈ మూడు వరుసలే. మూడు వరుసలే కదా అని నవ్వకండి, ఇంటర్వ్యూలో నన్ను ఎక్కువసేపు అడిగింది దాని గురించే.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. కొత్త సాధనం ఏది మొదలుపెట్టినా ఎక్కడ చిక్కుకున్నారో, ఏమనుకుని పొరబడ్డారో, ఎంతసేపు పట్టిందో ఆ క్షణంలోనే రాయండి. మర్నాటికి అది మీకు తెలిసిపోయిన విషయం అవుతుంది, తెలియనప్పుడు ఎలా ఉండేదో గుర్తుండదు. ఆ సాధనం కట్టిన ఇంజినీరుకు ఎంత జీతం ఇచ్చినా ఆ అయోమయాన్ని మళ్లీ తెచ్చుకోలేడు. మీ చేతిలో అది ఉచితంగా ఉంది, అదీ కొద్ది కాలమే.

కళాశాల క్లబ్బులు, కంపెనీలు విద్యార్థులకిచ్చే అంబాసిడర్ బిరుదుల గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చదు. నలుగురిని కూడగట్టడం నేర్చుకోవడానికి మంచివే. సర్టిఫికెట్ కోసం అయితే కాలం దండగ. 2020 అక్టోబరులో, ఓపెన్ సోర్స్‌కు మార్పులు పంపినవారికి టీషర్టు ఇచ్చిన హాక్టోబర్‌ఫెస్ట్ సందర్భంగా ఏం జరిగిందో చూడండి. ఉచిత టీషర్టు కోసం ఎవరెవరి ప్రాజెక్టుల్లోనో ‘అద్భుతమైన ప్రాజెక్టు’ అన్న ముక్క అతికించి వేలం వెర్రిగా పుల్ రిక్వెస్టులు పంపారు, మనవాళ్లు అందులో తక్కువేమీ కాదు. ప్రాజెక్టులు నడిపేవాళ్లు విసిగిపోయారు, హాక్టోబర్‌ఫెస్ట్ పెట్టినవాళ్లు ఒప్పుకున్న ప్రాజెక్టులకే లెక్క అని నియమాన్ని మధ్యలోనే మార్చాల్సి వచ్చింది. అలాంటి వంద కన్నా, ‘సెట్’ అన్న ఆ మూడు వరుసలు మేలు.

ఇంగ్లిషు సంగతి. నేను పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. మాట్లాడేటప్పుడు ఇప్పటికీ మధ్యలో ఆగుతాను. ఈ పనిలో రాత ఎక్కువ, మాట తక్కువ. డాక్యుమెంటేషన్‌కు కావలసింది చిన్న వాక్యాల ఇంగ్లిషు, ఒక వాక్యానికి ఒక పని. దాన్ని ఆరు నెలల్లో సాధించవచ్చు. మాట కోసం ఓబీఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రోజూ అయిదు నిమిషాలు తెరను రికార్డు చేస్తూ చెప్పేవాణ్ణి. మొదటి నెల ఆ వీడియోలు చూసుకోవడానికి నాకే ధైర్యం చాలలేదు. తెలుగులో పాఠాలు చేయండి, తప్పకుండా చేయండి, వినేవాళ్లు ఉన్నారు. కానీ అవి మాత్రమే ఉంటే ఇంటర్వ్యూ చేసే బెంగళూరు మనిషి చదవలేడు, అందుకని ప్రతిదానికీ ఒక పేజీ ఇంగ్లిషు రాత జోడించండి.

ఇంటర్వ్యూల తీరు ఎక్కువగా ఒకటే. వారం గడువిచ్చి ఒక పాఠం రాయమంటారు, దాన్నే పావుగంటలో చెప్పమంటారు, కోపంగా ఉన్న వాడుకరిలా నటిస్తూ ఎదురు ప్రశ్నలు వేస్తారు. జవాబు తెలియకపోతే కనుక్కుని చెబుతాను అనండి, అల్లి చెప్పకండి.

ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. 2022 చివర, 2023లో కంపెనీలు ఖర్చు తగ్గించుకున్నప్పుడు కత్తెర ముందుగా పడినవాటిలో ఈ బృందాలు ఉన్నాయి. మా బృందాన్ని ఒక మంగళవారం పొద్దున తీసేశారు. అమ్మకాలవాళ్లకు అమ్మకం లెక్క ఉంటుంది, మన పనికి అంత సూటి లెక్క ఉండదు. ఏ పేజీ రాశాక ఏ టికెట్లు ఆగాయి, కొత్తవాడు ఖాతా తెరిచిన దగ్గరి నుంచి మొదటి విన్నపం విజయవంతం అయ్యేదాకా ముందు ఎంతసేపు పట్టేది, ఇప్పుడు ఎంత, ఇవి నెలనెలా రాసి పెట్టుకోవాలి. నేను ఆలస్యంగా మొదలుపెట్టాను. ఇలా కత్తెర పడే భయం ఉంది కాబట్టే తొలి పని కోడింగ్ కొలువులో రెండేళ్లు చేసి ఇటు రమ్మని చాలామంది చెబుతారు. నేనూ వాళ్లతోనే ఏకీభవిస్తాను. పని పోతే కోడ్ చేతిలో ఉంటుంది.

మకాం మార్చాలా అంటే, మొదటి కొలువుకు మార్చాల్సి రావచ్చు. వరంగల్ పక్కన మడికొండ ఐటీ పార్కు ఉన్నా, అక్కడ ఈ హోదాతో ప్రకటన నాకు ఇంతవరకు కనబడలేదు. తరవాత్తరవాత ఈ పని ఇంటి నుంచి చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను ఇప్పుడు హనుమకొండ నుంచే చేస్తున్నాను. చదువుకునే రోజుల్లో మాత్రం హైదరాబాదులో పైథాన్ భాష వాళ్ల సమావేశాలకు వెళ్లి రండి. 2009లో బెంగళూరులో మొదలైన పైకాన్ ఇండియా అనే వాళ్ల వార్షిక సమావేశం 2018లోనూ, 2023లోనూ హైదరాబాదులోనే జరిగింది. అలాంటివి మనకు రైలు దూరం. నేను కాజీపేటలో పొద్దున బండెక్కి సాయంత్రానికి తిరుగు బండి పట్టుకునేవాణ్ణి. ప్రసంగాల కన్నా టీ విరామంలో జనం ఒకరినొకరు అడిగే ప్రశ్నలు వినడానికే వెళ్లేవాణ్ణి. జనరల్ బోగీలో చోటు దొరకగానే అవన్నీ నోటుపుస్తకంలో ఎక్కించేవాణ్ణి. జనగామ వచ్చేసరికి పేజీ నిండేది, అక్కడి నుంచి కాజీపేట దాకా వాటిలో నాకు జవాబు రానివాటికి టిక్కులు పెట్టుకునేవాణ్ణి. సంతకం చిక్కు నేను మొదట విన్నది అలాంటి ఒక టీ విరామంలోనే, ఆ కంపెనీలో చేరడానికి ఏడాది ముందు.