రెండేళ్ల కాంట్రాక్టు, అయిదేళ్ల కారు లోన్

ప్రశ్న: మాది గుంటూరు. మావారు మిర్చి యార్డులో ఒక అడ్తి (కమిషన్ వ్యాపారి) దగ్గర గుమస్తా. మాకు ఒక్కడే అబ్బాయి, 22 ఏళ్లు. ఫుట్‌బాల్ ఆడతాడు, మిడ్‌ఫీల్డర్. పదిహేనో ఏట వేరే రాష్ట్రంలో అకాడమీకి పంపించాం. ఇప్పుడు ఐఎస్‌ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్) ఆడే ఒక క్లబ్బు రెండేళ్లకు తీసుకుంది. ఏడాదికి 24 లక్షలు, అందులో ఏజెంటుకు 10 శాతం. మావారు అమరావతి వైపు ఒక వెంచర్‌లో 200 గజాల ప్లాటు చూసి వచ్చారు. 30 లక్షలట, పది ఇప్పుడు కట్టి మిగతాది వాయిదాల్లో ఇవ్వాలట. మా మరిది డబ్బు తన చేతికిస్తే రెండు రూపాయల వడ్డీకి తిప్పి పెడతానంటున్నాడు. అబ్బాయికి 14 లక్షల కారు మీద మనసు, అయిదేళ్ల లోన్ దొరుకుతుందట. బాగా ఆడితే పెద్ద క్లబ్బు కోట్లు పెట్టి కొనుక్కుంటుంది, భయం దేనికని అందరూ నన్నే అంటున్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. వాడి అకాడమీ ఫీజుల కోసం నా గొలుసు, గాజులు బ్యాంకులో పెట్టాం. 3 లక్షల లోన్ ఇంకా అలాగే ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మొదట రాయాల్సిన సంగతి చివర్లో రాశారు. క్లబ్బు నుంచి వచ్చే తొలి సొమ్ముతో ఆ గొలుసు, గాజులు విడిపించుకోండి. ఇందులో సెంటిమెంటు ఏమీ లేదు, లెక్కే. బంగారం లోన్ మీద మీరు కట్టే వడ్డీ, అదే 3 లక్షలు ఎఫ్‌డీ వేస్తే వచ్చే వడ్డీ కంటే ఎక్కువ. అప్పు ఉంచుకుని దాచుకునే డబ్బు దాచుకున్నట్టు కాదు.

ఇక మిగతా ముగ్గురి కోరికల సంగతి. వాటికంటే ముందు ఈ 24 లక్షలు ఎలాంటి డబ్బో చూద్దాం. ఇది మీవారికి నాకంటే బాగా తెలుసు. రేటు బాగున్న ఏడాది వచ్చిన డబ్బు చూసి రైతు ఎప్పటికీ ఇలాగే ఉంటుందనుకుంటే ఏమవుతుందో ఆయన యార్డులో కూర్చుని చూస్తూనే ఉంటారు. అయినా రైతుకు ఒక వెసులుబాటు ఉంది. రేటు లేకపోతే టిక్కీలు (మిర్చి బస్తాలు) ఏసీలో, అంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని నాలుగు నెలలు ఆగుతాడు. మీ అబ్బాయి వయసును ఏసీలో పెట్టలేం.

మిడ్‌ఫీల్డర్ ఒక్కో మ్యాచ్‌లో 10 నుంచి 12 కిలోమీటర్లు పరుగెత్తుతాడు. అదీ తిన్నగా కాదు. ఆగుతూ, మలుపులు తిరుగుతూ, ఒకరిని గుద్దుకుంటూ. మోకాల్లో ఏసీఎల్ అనే లిగమెంటు తెగితే ఆపరేషన్ చేయించుకుని మళ్లీ ఆటలోకి రావడానికి ఎనిమిది తొమ్మిది నెలలు తక్కువలో తక్కువ. క్రొయేషియా మిడ్‌ఫీల్డర్ లూకా మోడ్రిచ్ లాంటివాళ్లు ఉన్నారు, కాదనను. 39 ఏళ్ల వయసులో 2025లో రియల్ మాడ్రిడ్ వదిలి ఏసీ మిలాన్‌కు వెళ్లాడు. మీవాడూ అన్నేళ్లు ఆడాలి. కానీ ఇంటి బడ్జెట్ మోడ్రిచ్ లెక్కన వేయమని నేను చెప్పను.

కాలు బాగున్నా లీగే ఆగిపోవచ్చు. 2014లో మొదలైన ఐఎస్‌ఎల్, 2025 జూలైలో నిర్వహణ ఒప్పందం తేలక నిలిచిపోయింది. కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేశాయి. చివరికి 2026 ఫిబ్రవరిలో గానీ సీజన్ మొదలవలేదు. ఫిట్‌గా ఉండి, చేతిలో కాంట్రాక్టు ఉండి, ఇంట్లో కూర్చున్న కుర్రాళ్లు ఎంతమందో. మీవారి యార్డుకు ఎండాకాలం సెలవులు ఎప్పుడో ముందే తెలుస్తుంది. ఇక్కడ ఆ మాత్రం కూడా తెలియలేదు.

కాబట్టి కాంట్రాక్టు కాగితం ముందేసుకుని కూర్చోండి. మొదట చూడాల్సింది అది జీతమా, ప్రొఫెషనల్ ఫీజా అన్నది. ఫీజు అయితే, ఏడాదికి 20 లక్షలు దాటింది కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ప్రశ్న వస్తుంది. 'జీఎస్టీ అదనం' అన్న మాట కాగితంలో ఉందా? లేకుండా 24 లక్షల్లోనే 18 శాతం జీఎస్టీ కలిసి ఉందంటే దాదాపు 3 లక్షల 66 వేలు ప్రభుత్వానికి పోతాయి. రెండు పదాల కోసం అంత డబ్బు. సంతకం కాకముందే అయితే ఏజెంటుతో మాట్లాడి రాయించుకోండి. అయిపోయి ఉంటే ఆ పేజీ పట్టుకుని ఒక ఆడిటర్ దగ్గరకు వెళ్లండి.

రెండోది దెబ్బ తగిలితే సంగతి. ఆడలేని నెలల్లో పూర్తి జీతం ఇస్తారా, ఆపరేషన్ ఖర్చు ఎవరిది, దెబ్బ తగిలిందన్న కారణంతో కాంట్రాక్టు రద్దు చేసే హక్కు క్లబ్బుకు ఉందా. మూడోది బోనస్. గోల్స్‌కు బోనస్ అని రాసి ఉంటే అది ఫార్వర్డ్‌కు పనికొచ్చే మాట. మిడ్‌ఫీల్డర్ మ్యాచ్ అంతా బంతిని లాక్కుని, మలిచి, ముందుకు పంపితే స్కోరు బోర్డు మీద పేరు ఇంకొకరిది పడుతుంది. మొదటి పదకొండు మందిలో దిగిన ప్రతి మ్యాచ్‌కూ ఇంత అని అడగాలి. ఏజెంటు ఈ తేడా చెప్పలేదంటే అతని 10 శాతం గురించి కూడా బేరమాడొచ్చు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా 2023లో ఈ స్థాయి ఆదాయానికి 5 శాతమే పరిమితి అని పెట్టింది. కోర్టు కేసుల వల్ల ఆ పరిమితి అమలు ఆగిందనుకోండి, బేరానికి మాత్రం ఆ అంకె పనికొస్తుంది.

క్లబ్బు జీతం ఎగ్గొడితే? ఫిఫా నిబంధన ఒకటి గుర్తుపెట్టుకోండి. రెండు నెలల జీతం బాకీ పడితే ఆటగాడు రాతపూర్వకంగా 15 రోజుల గడువు ఇచ్చి, అప్పటికీ ఇవ్వకపోతే కాంట్రాక్టు నుంచి బయటికి రావచ్చు. ఫోన్‌లో చెప్పాను, వాట్సాప్‌లో అడిగాను అంటే కుదరదు. ఉత్తరం ఉండాలి.

కోట్లు పెట్టి కొంటారన్న మాట కూడా ఇక్కడే తేల్చేద్దాం. కాంట్రాక్టు నడుస్తుండగా వేరే క్లబ్బు తీసుకుంటే ఇచ్చే బదిలీ సొమ్ము పాత క్లబ్బుకు వెళ్తుంది. మీ అబ్బాయికి వచ్చేది కొత్త క్లబ్బుతో కుదిరే జీతం. పేపర్లో కనిపించే కోట్లు ఆటగాడి ఇంటికి వస్తాయనుకునేవాళ్లు మీ బంధువులు ఒక్కరే కాదు లెండి, నా దగ్గరకు వచ్చేవాళ్లలో సగం మంది అలాగే అనుకుంటారు.

ఇప్పుడు అంకెలు. జీఎస్టీ వేరుగా వస్తుందని, ఇది ఫీజు కాంట్రాక్టేనని అనుకుందాం. 24 లక్షల్లో ఏజెంటుకు 2 లక్షల 40 వేలు. బూట్లు, ఫిజియో, జిమ్, సొంత ట్రైనింగ్ కలిపి బిల్లులున్న ఖర్చు 1 లక్ష 60 వేలు. మిగిలిన 20 లక్షల ఆదాయం మీద కొత్త విధానంలో, 2025-26 నుంచి ఉన్న శ్లాబుల ప్రకారం పన్ను 2 లక్షలు, సెస్సుతో 2 లక్షల 8 వేలు. క్లబ్బు 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసుకునే పన్ను) కింద 2 లక్షల 40 వేలు పట్టుకుని ఉంటుంది. అంటే రిటర్ను వేస్తే 32 వేలు వెనక్కి వస్తాయి. అదే బిల్లులేవీ దాచకుండా, ఏజెంటుకు ఇచ్చినదానికి కాగితం లేకుండా 24 లక్షలూ ఆదాయమే అని చూపిస్తే పన్ను 3 లక్షల 12 వేలు. తేడా లక్షా నాలుగు వేలు. ఒక పాత చెప్పుల డబ్బా తీసుకుని 'బాబు బిల్లులు' అని రాసి పెట్టండి. ఆ డబ్బా విలువ ఏడాదికి లక్ష.

అన్నీ పోను చేతికి సుమారు 17 లక్షల 90 వేలు. సీజన్‌లో బస, భోజనం చాలావరకు క్లబ్బే చూసుకుంటుంది. అబ్బాయికి నెలకు 25 వేలు, ఇంటికి 25 వేలు అనుకుంటే ఏడాదికి 6 లక్షలు. మిగిలేది దాదాపు 12.

మొదటి ఏడాది 12 లక్షల్లో 3 బంగారానికి. 6 లక్షలు ఎవరూ ముట్టుకోని డబ్బు, సరిగ్గా ఒక ఏడాది ఇంటి ఖర్చు. దీన్ని రెండు వేర్వేరు బ్యాంకుల్లో పెట్టండి, డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒకరికి 5 లక్షల దాకానే కాబట్టి. ఒక లక్ష బీమాకు, చదువుకు. బీమా తీసుకునేటప్పుడు 'ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్' అని దాచకుండా రాయాలి. చాలా ప్రమాద బీమా పాలసీలు వృత్తిగా ఆడే ఆటలో తగిలిన దెబ్బకు డబ్బివ్వవు. మీ పాలసీ ఇస్తుందో లేదో కంపెనీ నుంచి మెయిల్‌లో తీసుకోండి. బీమా ఏజెంటు నోటిమాట వద్దు. మిగిలిన 2 లక్షలు ఇండెక్స్ ఫండులో (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండు) నెలవారీ సిప్‌గా.

రెండో ఏడాది 12లో 8 లక్షలు పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా), ఇండెక్స్ ఫండ్లలోకి. పీపీఎఫ్‌లో ఏడాదికి లక్షన్నర కంటే వేయలేరు, 15 ఏళ్ల దాకా తేలిగ్గా కదలదు. కదలకపోవడమే ఇక్కడ మనకు కావాల్సింది. ఇలా 24 ఏళ్లకు 10 లక్షలు పక్కకు పోతాయి. ఏడాదికి 8 శాతం చొప్పున పెరిగితే అతనికి 42 వచ్చేసరికి అది దాదాపు 40 లక్షలు. 8 శాతం హామీ కాదు, లెక్క కోసం అనుకున్న అంకె. మిగిలిన 4 లక్షలు మీవారి ప్లాటు పేరు మీద ఎఫ్‌డీ వేయండి.

అవును, ప్లాటు ఎప్పటికీ వద్దని నేననను. ఇప్పుడు వద్దంటున్నాను. 30 లక్షల ప్లాటుకు పది కడితే మిగతా 20 లక్షలు ఎవరు కడతారు? ఇంకా సంతకం కాని మూడో ఏడాది కాంట్రాక్టు కట్టాలి. మోకాలికి ఆపరేషన్ పడిన నెలలో ప్లాటు అమ్ముదామంటే కొనేవాడు దొరకడు, దొరికినా మన అవసరం చూసి అడుగుతాడు. 2015లో అమరావతి రాజధాని శంకుస్థాపన చూసి కొన్నవాళ్లు 2019 తర్వాత అయిదేళ్లు ఆ ప్లాట్ల చుట్టూ ఎలా తిరిగారో గుంటూరులో ఉన్న మీకు చెప్పాలా. రెండో కాంట్రాక్టు వచ్చాక, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్, లేఅవుట్ అనుమతి నంబరు చూసుకుని, వాయిదాలు లేకుండా కొనగలిగినంతే కొనండి.

మీ మరిది గారి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకులో అప్పు పుట్టేవాడు ఎవడూ 24 శాతానికి తీసుకోడు. అంటే బ్యాంకు వద్దన్నవాళ్లకు మీ కొడుకు కాళ్ల కష్టం ఇస్తున్నారన్నమాట. నా టేబులు సొరుగులో ఒక ప్రామిసరీ నోటు ఉంది. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం, సిరా కూడా వెలిసిపోలేదు. చిన్ననాటి స్నేహితుడే, 2 లక్షలు, అయిదు నెలలు ఒకటో తారీఖున వడ్డీ తెచ్చిచ్చాడు. ఆరో నెల నుంచి 'వచ్చే వారం'. మొహమాటంతో దావా వేయకుండా మూడేళ్లు దాటించాను, నోటుకు కాలదోషం పట్టింది. అప్పటికే నేను విజయవాడ గవర్నర్‌పేటలో బోర్డు పెట్టుకుని అందరికీ సలహాలిస్తున్నాను, నవ్వకండి. మరిది గారితో 'ఆ డబ్బు ఎఫ్‌డీలో ఇరుక్కుంది' అని చెప్పండి. నిజమే కదా.

కారు మీద ఒక్క మాట. 9 శాతానికి 14 లక్షలు అయిదేళ్లకు తీసుకుంటే నెలకు 29 వేల చిల్లర, 60 వాయిదాలు. కాంట్రాక్టు 24 నెలలు. మిగతా 36 వాయిదాలు ఎవరి జీతం నుంచి? సీజన్ అంతా అతను టీమ్ బస్సులో తిరుగుతుంటే, కారు మీ వీధిలో గుడ్డ కప్పుకుని ఉంటుంది. కాంట్రాక్టు కంటే పొడవైన లోన్ ఏదీ వద్దు. మరీ మనసు పడితే రెండో ఏడాది ఒక సెకండ్‌హ్యాండ్ బండి, రొక్కంగా.

ఇంకో విషయం మీరెవరూ అడగలేదు, నాకు అన్నిటికంటే పెద్దది అదే. ఒకప్పుడు మన తెలుగు ఫుట్‌బాలర్లకు ఆట పక్కనే ఉద్యోగం ఉండేది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ కోచ్‌గా ఉండగా 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టు పేరే హైదరాబాద్ సిటీ పోలీస్. ఇప్పటికీ రైల్వేలు, పోలీసు శాఖల్లో స్పోర్ట్స్ కోటా ఉంది. అయితే రైల్వే ప్రకటనల్లో సాధారణంగా 18 నుంచి 25 ఏళ్ల వయసు అడుగుతారు. ఈ కాంట్రాక్టు అయ్యేసరికి మీ అబ్బాయికి 24. మిగిలేది ఒక్క ఏడాది. ఉద్యోగంలో చేరితే క్లబ్బులకు ఆడటం అంత తేలిక కాదు, కాబట్టి ఇప్పుడే చేరమనడం లేదు. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడిన సర్టిఫికెట్లు ఒరిజినల్స్ మీ బీరువాలో ఉన్నాయా, అకాడమీ వాళ్ల దగ్గర ఉండిపోయాయా చూడండి. డిగ్రీ మధ్యలో ఆగి ఉంటే నాగార్జున యూనివర్సిటీ దూరవిద్యలో కట్టించండి. సెలవుల్లో ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) డి-లైసెన్స్ కోచింగ్ కోర్సు చేయించండి. ఆట మధ్యలో నిలబడి నలుగురిని ఆడించడం వచ్చినవాడికి కోచింగ్ కొత్త పనేమీ కాదు.

డబ్బు అబ్బాయి సొంత ఖాతాలోకే రావాలి, మీవారు నామినీగా ఉంటే చాలు. ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టించి ఇంట్లో ఉంచుకోవద్దు, ఏజెంటుకు పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వొద్దు.

మీ ఉత్తరంలో మీవారి మాట ఉంది, మరిది మాట ఉంది, బంధువుల మాట ఉంది. సంపాదించేవాడి గురించి కారు ఒక్కటే రాశారు. అతన్నే ఒకసారి ఫోన్ చేయమనండి, కాంట్రాక్టు పక్కన పెట్టుకుని. ప్రాక్టీసు అయ్యాక సాయంత్రం ఏడు దాటినా ఫరవాలేదు, ఎనిమిదిన్నర దాకా ఆఫీసులోనే ఉంటాను.