తాత గురించి రాసే ముందు

అమ్మాయ్,

మొన్న ఆదివారం మారతహళ్లిలో మీ ఇంట్లో నువ్వు చూపించిన రెండు పేజీలూ ఇంటికొచ్చాక మళ్లీ చదివాను. తాత సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేయాలన్న ఆలోచన నీకు కలగడం నాకు చాలా సంతోషం. తొంభై ఏళ్లు దాటి బతికిన మనిషి, రాయాల్సిందే. కానీ ‘వడ్రంగం’ అని ఒక భాగం, ‘వ్యవసాయం’ అని ఇంకో భాగం పెట్టావు చూడు, అలా మాత్రం వద్దు తల్లీ. మా నాయన గురించి రాసినప్పుడు నేనూ అలాగే విడదీశాను. అచ్చయ్యాక ఆయన ఈడు పెద్దాయన ఒకరు మొత్తం చదివించుకుని, “అంతా బాగుంది గానీ, వాన పడిన రోజు ఏదిరా ఇందులో?” అన్నాడు. నేనేం చెప్పలేకపోయాను.

ఆ వాన రోజు సంగతే నీకు ముందు చెప్తాను. హిందూపురం వైపు మనవన్నీ వాన మీద ఆధారపడ్డ ఎర్రనేలలు. జూన్ చివర్లోనో జూలైలోనో మంచి వాన పడితే, నేలలో పదును, అంటే విత్తడానికి చాలినంత తడి, ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే వేరుశనగ విత్తుకోవాలి. వాన వెలిసిన తెల్లారి మీ తాత ఇంటి ముందు ఊరంతా ఉండేది. విత్తనం వేసే గొర్రుకు ఒకరిది పన్ను వదులైంది, ఒకరిది విత్తనాలు పోసే జడ్డిగం పగిలింది, ఇంకొకరి కాడి విరిగింది. అందరికీ ఆరోజే కావాలి. కాదనడానికి లేదు. కళ్లం మీద ప్రతి రైతూ ఏటా మేర, అంటే పంటలో వడ్రంగి వాటా, కొలిచేది ఈ పనికే కదా. కొత్త బండికైతే డబ్బు వేరే ఇచ్చేవాళ్లు గానీ, నాగలీ గొర్రూ బాగు చేయడం మేరలోనే.

పెద్దనాయన, అదే మీ తాత, కర్ర చెక్కే బాడిత పట్టుకుని వేపచెట్టు కింద కూర్చుంటే పొద్దు వాలేదాకా లేచేవాడు కాదు. నాకు పదేళ్లుంటాయేమో, చెక్కపేళ్లు ఏరి పొయ్యికి ఇచ్చే పని నాది. మీ జేజి వాకిట్లోకి రావడం, ఎండ వైపు చూడడం, మాట్లాడకుండా లోపలికి పోవడం నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. వాళ్ల నాలుగెకరాలు అలాగే ఉండేవి. ఊరందరి గొర్రులూ కదిలాకే ఆయన గొర్రు కదిలేది. అప్పటికి పదును ఆరిపోయి, కొన్నేళ్లు మొలక పలచగా వచ్చేది. ఆయన వడ్రంగి కాబట్టే ఆయన సేద్యం అలా ఉండేది. దీన్ని రెండు భాగాల్లో ఎట్లా రాస్తావు చెప్పు?

జేజిని అడుగు. “తాత ఎలాంటివాడు” అని అడగొద్దు, “మంచోడమ్మా” అని ఊరుకుంటుంది. “వాన పడిన రోజు ఇంట్లో ఏం జరిగేది” అని అడుగు. కోపం కూడా బయటికి రానీ, ఆ కోపమూ రాయి. బోరు అప్పు సంగతీ దాచొద్దు, కాకపోతే అచ్చుకిచ్చే ముందు జేజికి చదివి వినిపించు.

సంవత్సరాల గురించి టెన్షన్ పడకు. ఆధార్‌లో ఉన్న జనవరి 1 ఎవరో వేసిన తేదీ. ఏ ఏడు అని అడిగితే ఊళ్లో ఎవరూ చెప్పలేరు. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పటికి, అంటే 1953 అక్టోబరుకి, పెళ్లయిందా లేదా అని అడుగు. స్కైలాబ్ మన మీదే పడుతుందని జనం భయపడ్డ 1979 జూలైకి పాత ఇల్లుందా అని అడుగు. రెండు రూపాయల బియ్యం వచ్చేనాటికి ఎద్దులు ఎన్ని అని అడుగు. అట్లా లెక్క తేలుతుంది.

ఇంకో మాట. సామాన్లు అటక మీద ఉన్నాయి. పాత ఇనుమువాడికి వేసేలోపు ఫోటోలు తీయాలి, పక్కన స్కేలు పెట్టి తియ్యి. బాడిత పిడిని తుడవొద్దు, వార్నిష్ అసలే వద్దు. బొటనవేలు ఆనే చోట కర్ర గుంటపడి నల్లగా నున్నగా ఉంటుంది. నీ వేలు అందులో పెట్టి చూడు, ఆయన చెయ్యి ఎంత పెద్దదో తెలుస్తుంది. పనిముట్ల పేర్లు మాత్రం నెట్‌లో వెతికి రాయకు. వాటితో సేద్యం చేసినవాళ్లు ఇంకా నలుగురైదుగురున్నారు, వాళ్ల నోట వచ్చిన మాటే రాయి.

శనివారం హిందూపురం రైలుకి యలహంకలో నేనూ ఎక్కుతాను. జేజికి ఆకూవక్కా తెస్తాను. నువ్వు పెద్ద నోటుబుక్కొకటి తీసుకురా. ఆమె మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుం వాల్చాకే మాట్లాడుతుంది, అంతదాకా అటక మీది సామాన్లు దించుదాం.

మీ చిన్నాయన